నీటి దారి వెంట సైకిలు యాత్ర
(2024 డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు విజయవాడలో జరిగిన సభలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించీ, బకాయిల గురించీ నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీ సైకిలు ముచ్చట్లు చెప్పండి, భోజనాల ముందు కాస్త తేలికగా ఉంటుంది" అన్నారు. తేలికగానే మొదలుపెడతాను. చివరికి కాస్త బరువు తగిలితే మన్నించాలి.

ఈ ఏడు జనవరిలో, అరవై ఐదేళ్ళ వయసులో, నేను సూళ్ళూరుపేట నుంచి ఇచ్ఛాపురం దాకా సైకిలు మీద వెళ్ళాను. పక్కదారులన్నీ కలిపి పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇరవై నాలుగు రోజులు పట్టింది. సైకిలు కొత్తదేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిలు అడ్వాన్సు పెట్టుకుని కొన్నదే. ఫ్రేము మాత్రం అప్పటిది, మిగతావన్నీ మారాయి. నా సంగతీ అంతే అంటుంది మా ఇంటావిడ. పళ్ళు మారాయి, కళ్ళద్దాలు మారాయి, మోకాళ్ళు మార్చమంటున్నారు.

"ఈ వయసులో ఎందుకండీ?" అని అడగనివారు లేరు. "లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెలలు కదా, ఊరూరా స్వయంగా కనబడి ఇద్దామని" అని తప్పించుకున్నాను. అసలు కారణం వేరే ఉంది. నాకొక పాత బాకీ ఉంది. దాని సంగతి సోంపేట చేరాక చెబుతాను.

నేను చూడదలచుకున్నవి గుళ్ళూ గోపురాలూ కావు. మన తీరం పొడుగునా ఉన్న చిత్తడి నేలలు: పులికాట్, కృష్ణా ముఖద్వారపు మడ అడవులు, కొల్లేరు, కోరింగి, శ్రీకాకుళం జిల్లా బీలలు. బస్సులో వెళితే ఇవి కనబడవు. కారులో వెళితే వాసన కూడా తగలదు. సైకిలు మీద వెళ్ళేవాడికి నేల ఎక్కడ పల్లమవుతోందో తొడలు చెబుతాయి, నీరు ఎక్కడ నిలిచి ఉందో ముక్కు చెబుతుంది.

బయలుదేరడంలోనే ఒక పొరపాటు చేశాను. జనవరిలో మన కోస్తాలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి కిందికి వస్తే గాలే నన్ను తోసుకొచ్చేది. నేను కింది నుంచి పైకి వెళ్ళాను. వెళ్ళినన్ని రోజులూ ఎదురుగాలే. ముప్పై ఏడేళ్ళు సర్కారు కొలువు చేసినవాడికి ఎదురుగాలి కొత్త కాదు గనుక సర్దుకున్నాను.

సైకిలును రైల్లో పార్సిలు వేసి సూళ్ళూరుపేటలో దిగాను. అంతకు నెల క్రితమే, 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చెరువులన్నీ నిండి ఉన్నాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్య నుంచే పోతుంది. రెండు పక్కలా నీరు, మధ్యలో రోడ్డు. పొద్దున్నే వెళితే రాజహంసలు తల కిందులు చేసి, ముక్కుతో బురదనీరు జల్లెడ పడుతుంటాయి. చిల్కా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే.

అక్కడ ఒక జాలరి పెద్దాయనతో మాట్లాడాను. "పక్షులు బాగానే ఉన్నాయి కదా తాతా?" అన్నాను. నాకంటే పెద్దేమీ కాదు, పలకరింపుగా అన్న మాట. "పక్షుల్ని చూసి పోతారు మీరు. ముఖద్వారం చూడండి" అన్నాడు. సరస్సుకూ సముద్రానికీ మధ్య నీరు వచ్చిపోయే నోటిని వాళ్ళు ముఖద్వారం అంటారు. అది ఇసుక మేట వేసి పూడుకుపోతూ వస్తోంది. ఉప్పునీరు లోపలికి రాకపోతే చేప రాదు, రొయ్య రాదు. వేసవిలో ఉత్తరపు భాగం ఎండి బీటలు వారుతుంది. "నోరు మూస్తే మనిషి బతుకుతాడా సామీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇచ్ఛాపురం దాకా నా వెంట వచ్చింది.

దొరవారిసత్రం దగ్గర నేలపట్టు వెళ్ళాను. చెరువు నీళ్ళలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి పారితే ఎరువు తక్కువ పడుతుందని ఆ ఊరివాళ్ళ అనుభవం. పక్షులు రాని ఏడు కరువొస్తుందని భయం కూడా. భయమో భక్తో గాని, అటవీశాఖ బోర్డు పెట్టకముందు నుంచీ ఆ పక్షులను కాపాడింది అదే.

నెల్లూరు, ఒంగోలు, చీరాల దాటి, రేపల్లె మీదుగా పెనుమూడి–పులిగడ్డ వంతెన ఎక్కి దివిసీమలో దిగాను. ఈ సభలో నా వయసువారందరికీ 1977 నవంబరు 19 గుర్తుండే ఉంటుంది. అధికార లెక్కల ప్రకారమే పదివేల ప్రాణాలు పోయాయి. సొర్లగొందిలో ఒక ముసలమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది. ఉప్పెన మాట నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. "అటు మడ ఉంది బాబూ, ఇటు లేదు" అని చేత్తో చూపించింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. గ్లాసు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

మడ చెట్టు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది ఉప్పునీటి బురదలో బతుకుతుంది. ఆ బురదలో గాలి ఉండదు గనుక కొన్ని జాతుల వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. కొన్నిటి గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, మొలకగానే బురదలో పడి నాటుకుంటుంది. ఆ వేళ్ళ సందుల్లోనే రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. వాటి కోసం నీటికుక్కలు, బావురు పిల్లులు వస్తాయి. అల వచ్చినప్పుడు ఆ వేళ్ళ చిక్కులో దాని ఊపు తగ్గుతుంది. ఇంత పనిచేసే చెట్టును మనం ఏళ్ళ తరబడి వంటచెరకు కిందే లెక్కగట్టాం. ఎనభైల్లో, తొంభైల్లో తీరం వెంట రొయ్యల చెరువుల జోరు వచ్చినప్పుడు అదీ లేకుండా పోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చేనాటికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయింది.

బందరు మీదుగా కైకలూరు వచ్చాను. కొల్లేటి దగ్గర మూడు రోజులు ఉన్నాను. మన ఇంటి పక్కదే గనుక కొంచెం వివరంగా చెబుతాను.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు అందులోకి వస్తాయి. బయటికి పోవడానికి ఉన్నది మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రం చేరుతుంది. వచ్చే దారులు పది, పోయే దారి ఒకటి. అందుకే మధ్యలో అంత చోటు కావాలి. వరద వచ్చినప్పుడు నీటిని నిలవ చేసి, తీరికగా కిందికి వదిలే గాదె అది.

ఆ గాదెలో మనం గదులు కట్టాం. డెబ్బైల్లో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా చేపల చెరువులకు దారి చూపించింది, లంక గ్రామాల పేదల బాగు కోసమని. తరువాత పెట్టుబడి ఉన్నవారు దిగారు, గట్లు పెరిగాయి. 1999లో ప్లస్ ఐదు కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో కోర్టు ఆదేశాల మీద చెరువు గట్లు తెగగొట్టారు. 2008లో కాంటూరును మూడుకు తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. గట్లు మెల్లగా మళ్ళీ లేచాయి. ఆటపాకలో గూడబాతులకు ఇనుప స్టాండ్లు పెట్టారు, అవి వాటి మీదే గూళ్ళు కట్టుకుంటున్నాయి. చూడ్డానికి సంతోషంగానే ఉంది. కానీ చెట్టు ఉండవలసిన చోట ఇనుము ఉంది గదా అనిపించింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. కొల్లేరు కాంటూరు లోపల పట్టా భూములున్న చిన్న రైతులున్నారు. అభయారణ్యం అన్నారు, సాగు వద్దన్నారు, పరిహారం మాట తేల్చలేదు. వాళ్ళ గోడు విన్నాను. "పక్షికి చోటు ఇవ్వొద్దనటం లేదు సార్, మాకు చోటెక్కడో చెప్పమంటున్నాం" అన్నాడొక రైతు. ఆయనకు జవాబు చెప్పకుండా కొల్లేటిని కాపాడతామనడం అన్యాయం. చేపకు గిట్టుబాటు ఉన్నంత కాలం గట్టు లేస్తూనే ఉంటుంది.

నేను కొల్లేరు దాటి వెళ్ళిన ఏడెనిమిది నెలలకు ఏమైందో మీకు చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలో మునిగాయి. ఈ హాలులో కూర్చున్నవారిలో మూడు రోజులు మేడ మీద గడిపినవారున్నారు. మందులు అయిపోయి, పాలు లేక, పడవ కోసం ఎదురు చూసినవారున్నారు. డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి, నిజమే. కానీ బుడమేరు అనే ఏటికి తన దారి తనకు ఉంటే, దాని ఒడ్డున ఇళ్ళ ప్లాట్లు వెయ్యకుండా ఉంటే, కింద కొల్లేరు ఖాళీగా చేతులు చాచి ఉంటే, అంత నీరు మన వంటింట్లోకి వచ్చేదా? పులికాట్ జాలరి అడిగిన మాట నాకు ఆ రోజు మళ్ళీ వినబడింది.

మళ్ళీ యాత్రలోకి వస్తాను. నరసాపురం రేవులో సైకిలును పంటెక్కించి సఖినేటిపల్లిలో దిగాను. కోనసీమ కొబ్బరి తోటల్లో ఎదురుగాలి కొంచెం కరుణించింది. యానాం దాటాక కోరింగి. ఒకప్పుడు ఓడల రేవు, 1839 నవంబరు తుఫానులో నాశనమైంది. ఇప్పుడు ఆ పేరు అభయారణ్యానికి మిగిలింది. 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. సందర్శకులకు చెక్కల వంతెన వేశారు. దాని మీద నడుస్తుంటే కింద నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల చెట్లు, బురదలో పీతలు.

కోరింగి దగ్గర నాకు మొదటిసారి ధైర్యం కలిగింది. చచ్చిన మడ అడవిని తిరిగి ఎలా లేపుతారో ఒక గార్డు చూపించాడు. మొదట మొక్క నాటరు. మొదట కాలువ తవ్వుతారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. పోటుకు ఉప్పునీరు లోపలికి వస్తుంది, పాటుకు వెనక్కి పోతుంది. నిలవ ఉన్న నీరు ఆవిరై నేలలో పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. ఆ తరువాత నాటితే మొక్క బతుకుతుంది, కొన్నిచోట్ల నాటకపోయినా కొట్టుకొచ్చిన మొలక తనే నాటుకుంటుంది. కృష్ణా, గోదావరి ముఖద్వారాలు రెండింటిలోనూ ఈ పద్ధతి పనిచేసింది. అంటే నీటికి దారి ఇస్తే అడవి తనంత తానే వస్తుందన్నమాట.

అదే కాకినాడ పక్కన, 2020లో, ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లు కొట్టి మట్టి పోశారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదలకు ఇల్లు కావాలి, కాదనను. కానీ పేదవాడికి ఇచ్చే స్థలం సముద్రపు పోటు వచ్చే చోటే ఎందుకు దొరుకుతుంది? ఆ పక్కనే ఉప్పాడలో సముద్రం ఇళ్ళను ఒక్కొక్కటిగా తీసుకుపోవడం చూశాను. సగం గోడ మిగిలిన ఇంట్లో మగ్గం మీద జాంధానీ చీర నేస్తున్న మనిషిని కూడా చూశాను.

తుని దాటాక చైను తెగింది. రోడ్డు పక్క సైకిలు షాపు కుర్రాడు బాగుచేసి, "పెద్దాయనా, డబ్బులొద్దు, ఇచ్ఛాపురం చేరాక ఫోను చెయ్యండి చాలు" అన్నాడు. విశాఖపట్నం ట్రాఫిక్కులో చెప్పుకోదగిన విశేషమేమీ లేదు, ప్రాణాలతో బయటపడ్డాననడం తప్ప.

టెక్కలి దగ్గర తేలినీలాపురం చేరాను. ఊరి చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెబుతారు. నిజానికి ఇవి మన ఉపఖండపు పక్షులే, నీరూ మేతా చూసుకుని ఒకచోటి నుంచి ఇంకొక చోటికి తిరుగుతుంటాయి. ఈ మాట అక్కడ ఒక అమ్మతో అంటే ఆమె ఏమందో తెలుసా? "ఎక్కడి నుంచి వస్తే ఏటి బాబూ, పురుడుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు అవి." గూటి నుంచి పిల్ల కిందపడితే తీసి సాకుతారట. అక్కడి పక్షులు మేతకు వెళ్ళేది చుట్టుపక్కల చిత్తడి నేలలకే. ఊళ్ళో చెట్టు ఉండి, బయట బురద లేకపోతే ఆ పుట్టింట్లో అన్నం ఉండదు.

ఇక సోంపేట. నా బాకీ సంగతి.

సోంపేట పక్కన బీల ఉంది. వర్షాకాలంలో నీరు నిలిచి, వేసవిలో తడి మిగిలే పల్లపు నేల. చుట్టూ ఊళ్ళకు పంట, చేప, తుంగ, గొడ్లకు మేత అన్నీ అదే. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలని ప్రతిపాదన వచ్చింది. రైతులు, జాలరులు కాదన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజున, ఢిల్లీలోని పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. కేంద్రం అక్కడ రాలేదు. నేను వెళ్ళిన రోజున గేదెలు మేస్తున్నాయి, కొంగలు వాటి వెనకే తిరుగుతున్నాయి.

గొడవకు మూలం ఏమిటో గమనించండి. అది చిత్తడి నేల అని ఊరివాళ్ళన్నారు, పనికిరాని బీడు అని కాగితాలన్నాయి. ఆ కాగితం రాసింది నేను కాదు. కానీ అలాంటి కాగితం నేనూ ఒకటి రాశాను.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త అది. ఊరి పేరు చెప్పను. సముద్రానికి దగ్గర్లో, ఒక పాయ పక్కన నలభై ఎకరాల పల్లం. తనిఖీ చేసి రిపోర్టు రాయమన్నారు. మిట్టమధ్యాహ్నం వెళ్ళాను, ఈ సైకిలు మీదే. బురదలో దిగితే ప్యాంటు పాడవుతుందని గట్టు మీదే నిలబడి చూశాను. జమ్ము ఉంది, పక్షులున్నాయి, చాపల కోసం తుంగ కోస్తున్న ఆడవాళ్ళున్నారు. "నిరుపయోగమైన ఉప్పు బీడు, ఎవరి అనుభవంలోనూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ నాకు లంచం ఇవ్వలేదు. అలా రాయడం అలవాటు, అంతే. మరికొన్నేళ్ళకు అక్కడ రొయ్యల చెరువులు వచ్చాయి, పాయ మూసుకుపోయింది, ఊరి బావుల్లో నీరు ఉప్పగా మారింది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఆ దారిన జీపులో వెళ్ళాను, ఆపలేదు. ఈ యాత్రలో ఆగాను. మంచినీళ్ళ టిన్ను కొనుక్కుని సైకిలు మీద మోసుకెళుతున్న ఒక కుర్రాణ్ణి చూశాను. వాడికి నేనెవరో తెలియదు. కాసేపు వాడి పక్కనే సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. చెప్పడానికి నోరు రాలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పడం ఇదే మొదలు.

మిత్రులారా, తిరిగి చూసుకుంటే అన్నిచోట్లా జబ్బు ఒకటే. ముందు కాగితం మీద నేల పేరు మారుతుంది. తరువాత నీటి దారి మూసుకుంటుంది. చివరికి ఆ నీరు వేరే దారి వెతుక్కుంటుంది, ఒక్కోసారి మన వీధిలోంచే. ఆ మొదటి పని చేసే చేతులు మనవి. రెవెన్యూ, ఇరిగేషన్, పంచాయతీరాజ్, మునిసిపాలిటీ, రిజిస్ట్రేషన్, ఏ శాఖవారైనా మనలో ఎవరో ఒకరి సంతకం దాటకుండా ఏ చెరువూ మాయం కాలేదు.

కాబట్టి బాగుచెయ్యడం కూడా మనకే చేతనవును. బయటివారికి అడంగలు చదవడం రాదు. డైగ్లాటు అంటే తెలియదు, ఎఫ్.ఎం.బి. చూసి వాగు ఎక్కడ పోయిందో గుర్తుపట్టలేరు. మనం కళ్ళు మూసుకుని చెప్పగలం. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలున్నాయి. వాటిని గుర్తించి, కొలిచి, హద్దులు తేల్చమని ఈ డిసెంబరులోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. కొలిచేవాడు గట్టు మీద నిలబడి రాయకుండా చూడటానికి మనబోటివాళ్ళు పక్కన ఉండాలి.

నా విన్నపం చిన్నది. ప్రతి సభ్యుడూ తన సొంత ఊరి చెరువో, కుంటో, వాగో ఒక్కటి తీసుకోండి. పాత గ్రామ నక్షలో దాని సర్వే నంబరు, విస్తీర్ణం రాసుకోండి. ఒకసారి వెళ్ళి ఇప్పుడెంత ఉందో చూడండి. రెండూ మన సంఘం రిజిస్టరులో నమోదు చేద్దాం, తేడా ఉన్నవాటి మీద కలెక్టరుగారికి అర్జీలు పెడదాం. అర్జీ రాయడం మనకొకరు నేర్పాలా? నేను రాసిన ఆ నలభై ఎకరాలు మొదటి నంబరుగా వేసుకోమని కార్యదర్శిగారికి కాగితం ఇప్పుడే ఇస్తున్నాను. అప్పటి సంతకం కింద ఇప్పటి సంతకం కూడా పెట్టాను.

ఇచ్ఛాపురంలో బాహుదా నది వంతెన మీద యాత్ర ముగించాను. తుని కుర్రాడికి ఫోను చేశాను. "మళ్ళీ ఎప్పుడు పెద్దాయనా?" అన్నాడు. "ఈసారి గాలి వాటం చూసుకుని" అన్నాను.

భోజనాల వేళ దాటించినందుకు క్షమించండి. సెలవు.